అమ్మ ఊరి చర్చిలో మొదటి ఆదివారం

నేను ఇప్పటిదాకా రాసినవన్నీ సరదాగా చేసిన ప్రయాణాలే. సెలవు దొరికితే ఏ జలపాతానికో, ఏ పాత కోటకో వెళ్ళొచ్చి, దారి ఎలా ఉంది, ఎక్కడ తిన్నాం అని రాయడం నాకు అలవాటు. ఈసారి వెళ్ళింది మాత్రం అమ్మ అడిగితే. పోయిన నెల చివర్లో ఒక సాయంత్రం ఫోన్ చేసి, వచ్చే ఆదివారం నీకు పనులేమన్నా ఉన్నాయా అంది. లేవన్నాను. "మా ఊరి చర్చికి తీసుకుపోతవా?" అంది. ఇప్పుడెందుకని అడిగితే, "మొదటి ఆదివారం గదా" అని ఫోన్ పెట్టేసింది. అది జవాబో, జవాబు తప్పించుకోవడమో నాకు అర్థం కాలేదు.

అమ్మ పుట్టింది వరంగల్ పక్కన, ధర్మసాగర్ దాటాక లోపలికి ఉండే ఒక చిన్న ఊళ్ళో, బాప్టిస్టు కుటుంబంలో. ఊరి పేరు రాయొద్దని అమ్మ అంది కాబట్టి రాయడం లేదు. నాన్న వాళ్ళది హిందువుల ఇల్లు. కరెంటు డిపార్ట్‌మెంట్‌లో కొత్తగా ఉద్యోగం వచ్చి నాన్న ధర్మసాగర్‌లో ఉన్న రోజుల్లో, అమ్మ అక్కడి బడిలో పాఠాలు చెప్పేది. ఇద్దరూ ఇష్టపడి పెళ్ళి చేసుకుని హైదరాబాద్ వచ్చేశారు. మా ఇంట్లో వినాయక చవితి, బతుకమ్మ, కార్తీక మాసం అన్నీ ఉన్నాయి, అన్నీ అమ్మే చేస్తుంది. డిసెంబర్‌లో కేక్ కొనుక్కోవడం తప్ప ఏసు మాట మా ఇంట్లో వినబడింది తక్కువ. అందుకే అమ్మకి ఏమైందని నాన్నని అడిగాను. "ఏం కాలే, తీసుకుపో" అన్నాడు. నువ్వు కూడా రా నాన్నా అంటే తల అడ్డంగా ఊపాడు. "నేనొస్తే పని చెడిపోతది" అన్నాడు. ఏ పనో చెప్పలేదు.

ఆదివారం పొద్దున ఐదున్నర ప్రాంతంలో ఉప్పల్ చౌరస్తాలో హనుమకొండ బస్సు ఎక్కాం. ఇక్కడ ఎక్స్‌ప్రెస్ బస్సులకి కొదవ లేదు, ఆడవాళ్ళు ఆధార్ కార్డు చూపిస్తే టికెట్ డబ్బులూ లేవు. రైలు ఇష్టమైతే సికింద్రాబాద్‌లో ఎక్కి కాజీపేటలో దిగవచ్చు, నడుము నొప్పి ఉన్నవాళ్ళకి అదే మంచిది. మేము కూడా కాజీపేటలోనే దిగాలి, ఎందుకంటే ధర్మసాగర్ అటువైపే, హనుమకొండ దాకా వెళ్ళి వెనక్కి రావడం దండగ. జనగామ వరకు అమ్మ కళ్ళు మూసుకునే ఉంది. రఘునాథపల్లి దగ్గర సర్వీసు రోడ్డు నిండా వడ్లు ఆరబోసి ఉన్నాయి, ఆడవాళ్ళు కాళ్ళతో సాళ్ళు తీస్తున్నారు. వాటిని చూస్తూ అమ్మ అంది, "ఆడ నన్ను సువార్త అంటరు. నువ్వు పరేషాన్ గాకు."

నాకు తెలిసి అమ్మ పేరు సుజాత. ఆధార్‌లో అదే, రేషన్ కార్డులో అదే. సుజాత అని ఎవరు పెట్టారని అడిగాను. "నేనే పెట్టుకున్న, పెళ్ళి కార్డు మీదికి" అంది. వచ్చేది కాజీపేట అన్నంత మామూలుగా చెప్పింది. ముప్పై నాలుగేళ్ళు వచ్చాక కన్నతల్లి పేరు బస్సులో తెలుసుకోవడం ఎలా ఉంటుందో నేను రాయలేను. కోపం రాలేదు. ఎదురుగా కూర్చున్న మనిషిని మళ్ళీ మొదటినుంచి పరిచయం చేసుకోవాలేమో అనిపించింది, అంతే.

ఆ తర్వాత అసలు సంగతి కొంచెం కొంచెంగా బయటికి వచ్చింది. నెలలో మొదటి ఆదివారం చర్చిలో ప్రభు బల్ల ఉంటుంది. అంటే ఏసు తన శిష్యులతో చేసిన ఆఖరి భోజనాన్ని తలుచుకుంటూ అందరూ చిన్న రొట్టె ముక్క తిని, గుక్కెడు ద్రాక్షరసం తాగుతారు. బాప్తిస్మం తీసుకున్నవాళ్ళకే అది. అమ్మ పదహారేళ్ళప్పుడు బాప్తిస్మం తీసుకుంది. నాన్నని చేసుకున్నాక సంఘం వాళ్ళు, అంటే ఆ చర్చి సభ్యులు, కూర్చుని, బయటివాళ్ళని చేసుకుంది కాబట్టి ఆమెకి బల్ల లేదన్నారు. చర్చికి రావొచ్చు, పాట పాడొచ్చు, రొట్టె మాత్రం ముట్టకూడదు. మళ్ళీ కలుపుకోవాలంటే అందరి ముందు నిలబడి, నేను చేసింది తప్పు అని ఒక్క మాట చెప్పాలి.

"చెప్తావా?" అన్నాను.

"చెప్ప."

"మరి ఎందుకు పోతున్నాం?"

"అడగనీకె" అంది అమ్మ, కిటికీ వైపు తిరిగి.

కాజీపేటలో ఇడ్లీ తిని, టీ తాగి, ఆటో మాట్లాడుకున్నాం. ఊరికి తీసుకెళ్ళి, మధ్యాహ్నం దాకా ఆగి, మళ్ళీ స్టేషన్‌లో దింపడానికి ఎనిమిది వందలు అడిగాడు. విడిగా వెళ్తే ధర్మసాగర్ దాకా షేర్ ఆటోలు దొరుకుతాయి, అక్కడినుంచి లోపలికి ఆదివారం దొరకడం కష్టం. డ్రైవర్ పేరు సమ్మయ్య, నలభై దాటి ఉంటాయి. అతనిది మా అమ్మ ఊరికి పక్క ఊరే. చర్చికి అనగానే వెనక్కి తిరిగి చూశాడు. "ఆ గుడి గోడలు మా తాత కట్టినయే" అన్నాడు. మీరు క్రిస్టియన్లా అని అడిగాను.

"కాదమ్మా. పేరు సమ్మయ్య అంటినిగదా, మేడారం మొక్కు మీద పుట్టిన. మా తాత మేస్త్రి. పునాదిల ఎవ్వలకు తెల్వకుంట నిమ్మకాయ పెట్టిండట, గోడ నిలబడాలని. మా నాయన చెప్తుండె."

"చర్చి వాళ్ళకి తెలుసా?"

"తెల్సుంటది. అడగరు" అన్నాడు. కొంచెం దూరం పోయాక మళ్ళీ అతనే అందుకున్నాడు. "మా బిడ్డకు జరమొచ్చి తగ్గకపోతె నేను గూడ ఈడికి తీసుకొచ్చి ప్రార్థన చేపిచ్చిన. తగ్గింది. దవాఖాన్ల సూది గూడ ఏపిచ్చిన మరి. దేనికి తగ్గిందో ఎవరికెర్క."

ధర్మసాగర్ చెరువు కట్ట పక్కనుంచి ఆటో పోతుంటే నీళ్ళ మీద ఇంకా పొగమంచు ఉంది. వరంగల్ నగరానికి తాగునీళ్ళు ఇక్కడినుంచే పోతాయి. అమ్మ కట్ట వైపు చూడలేదు, పర్సులోంచి చేతి రుమాలు తీసి మడతపెట్టడం, విప్పడం చేస్తూ కూర్చుంది. పత్తి చేల మధ్య సన్నటి సిమెంటు రోడ్డు మీద ఇంకాస్త వెళ్ళాక ఊరు వచ్చింది.

చర్చి చాలా చిన్నది. పసుపు సున్నం గోడలు, బెంగుళూరు పెంకుల కప్పు, ముందు గుమ్మం మీద సిమెంటుతో పోసిన శిలువ. గంట లేదు, వేప చెట్టు కొమ్మకి రైలు పట్టా ముక్క వేలాడదీశారు, ఇనుప కడ్డీతో దాన్ని కొడితే ఊరంతా వినబడుతుంది. పక్కన ఇసుక కుప్ప, ఇనుప చువ్వల కట్టలు పడి ఉన్నాయి. లోపల బొమ్మలు, విగ్రహాలు ఏమీ లేవు. వెనక గోడకి ఖాళీ శిలువ, దాని కింద నీలం రంగుతో రాసిన వాక్యం, చిన్న చెక్క బల్ల మీద తెల్ల గుడ్డ. కింద జంపఖానాలు. ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు. చెప్పులు బయటే వదలాలి.

పాస్టర్ గారు మా కంటే ముందే వచ్చి మైకు సరిచేస్తున్నారు. ముప్పై ఏళ్ళ మనిషి, పేరు కరుణాకర్, నర్సంపేట వైపు నుంచి వచ్చి ఇక్కడ మూడో ఏడు. వందనాలు చెప్పి కుర్చీలు వేశారు. చర్చి ఎలా మొదలైందని నేను అడిగితే ఉత్సాహంగా చెప్పారు. ఆ రోజుల్లో ఈ ఊరి కూలి మనిషి ఒకాయనకి కాలు పుండు పడి, ఎడ్లబండి మీద హనుమకొండ మిషన్ దవాఖానకి తీసుకెళ్ళారట. నడిచి తిరిగి వచ్చాడట. అక్కడ విన్న మాటలు వచ్చి వాడకట్టులో చెప్పాడు, అలా నాలుగు ఇళ్ళతో సంఘం మొదలైంది. నేను ఫోన్‌లో రాసుకున్నాను. అది రాసుకోవడం తొందరపాటని తర్వాత తెలిసింది.

అమ్మ తన సంగతి రెండు మాటల్లో చెప్పి, "నేను బల్ల తీసుకోవచ్చా అయ్యగారు?" అని అడిగింది.

ఆయన ఏమాత్రం ఆలోచించలేదు. "తీసుకోవచ్చమ్మా. ఎవరిని వాళ్ళు పరీక్షించుకుని తీసుకోవాలె. తీర్పు తీర్చనీకె నేనెవర్ని?"

నాకు నవ్వొచ్చింది. ఇంత సులభమైన దానికోసం అమ్మ ఇన్నేళ్ళు ఆగిందా అనుకున్నాను. అప్పుడే గుమ్మంలోంచి ఒక గొంతు వచ్చింది. "అయ్యగారూ, మీరు కొత్తగొచ్చిండ్రు. తీసేసింది సంఘం. కలుపుకునుడు గూడ సంఘమే చెయ్యాలె."

తెల్ల ధోవతి, తెల్ల చొక్కా, ఎనభైకి దగ్గర పడ్డ మనిషి. అమ్మ లేచి నిలబడి తల మీదికి కొంగు లాక్కుంది. "కాకా, వందనాలు" అంది. మా తాత తమ్ముడు దేవదానం. ఈ సంఘంలో పెద్ద, బల్ల పళ్ళెం పంచేది ఆయనే. నేను ఆయన్ని చూడటం అదే మొదటిసారి. పాస్టర్ గారు తల దించుకుని మైకు తీగ చుట్టసాగారు. బాప్టిస్టుల్లో పైన బిషప్పు అంటూ ఉండడని, ఏ సంఘానికి ఆ సంఘమే పెద్ద అని, అక్కడ కూర్చున్నవాళ్ళ మాటే చెల్లుతుందని ఆయనే నాకు మెల్లగా వివరించారు. అంటే పాస్టర్ గారు సరే అన్నా సరిపోదు.

దేవదానం తాత దగ్గరికొచ్చి అమ్మ తల మీద చెయ్యి పెట్టాడు. "మంచిగున్నవా బిడ్డా? ఒక్క మాట అనెయ్యి. గంతే. నేనే చెయ్యి పట్టి కూసోబెడ్త."

"అనను కాకా."

"మీ బాపును మట్టిల పెట్టిన నాడు గూడ గిదే అన్నవు" అని ఆయన నెమ్మదిగా మగవాళ్ళ వైపు వెళ్ళి గోడకి ఆనుకుని కూర్చున్నాడు. ఇద్దరి గొంతులోనూ కోపం లేదు. అదే నన్ను ఎక్కువ తికమక పెట్టింది. ఆయన ఇంకొంచెం కఠినంగా ఉండుంటే నేను తేలిగ్గా ఒకవైపు నిలబడేదాన్ని.

జనం వచ్చేలోపు నేను పాస్టర్ గారిని పక్కకి పిలిచి అడిగాను. ఆ రొట్టె ప్రార్థన తర్వాత ఏమైనా మారుతుందా, ఏసు శరీరం అవుతుందా అని. "కాథలిక్కులు అట్ల నమ్ముతరు. మా దగ్గర రొట్టె రొట్టెనే, రసం రసమే. జ్ఞాపకం చేసుకోనీకె" అన్నారు. మరి జ్ఞాపకమే అయితే దాన్ని ఒకరికి ఇవ్వకుండా ఎలా ఆపుతారు, ఆపినా ఆవిడ ఇంట్లో కూర్చుని జ్ఞాపకం చేసుకోవచ్చు కదా అన్నాను. "ఒక్కరే తింటే అది భోజనం గాదు గదా అక్కా" అన్నారు. అప్పటికి ఆ మాట సరిగ్గానే ఉందనిపించింది. మరి కాసేపటికి మళ్ళీ అర్థం కాకుండా పోయింది.

పదిన్నరకి పట్టా ముక్క మోగింది. యాభై మంది దాకా వచ్చారు. డోలక్, కంజీర, ఒక పాత కీబోర్డు. ఆడవాళ్ళలో చాలామందికి బొట్టు లేదు, ఇద్దరు ముగ్గురికి ఉంది. అమ్మ తన బొట్టు తీయలేదు, ఎవరూ దాని వైపు చూడలేదు. అమ్మకి ఒక పక్క నేను, ఇంకో పక్క దీనమ్మ కూర్చున్నాం. ఆమె అమ్మకి చిన్నప్పటి స్నేహితురాలు, ఇద్దరూ ఒకే రోజు బాప్తిస్మం తీసుకున్నారట. పాటలు మొదలవగానే అమ్మ పుస్తకం తెరవకుండానే అన్ని చరణాలూ పాడింది. ఎక్కడ ఆగాలో, ఎక్కడ రెండుసార్లు పాడాలో అన్నీ తెలుసు. నేను పుట్టినప్పటినుంచి అమ్మ నా ముందు ఇవి ఒక్కసారీ కూనిరాగం కూడా తీయలేదు. ఎక్కడ దాచుకుందో.

ప్రసంగం ముప్పావు గంట సాగింది. తర్వాత సాక్ష్యాలు. ఎవరికైనా చెప్పుకునేది ఉంటే లేచి చెప్పవచ్చు. ఒకామె కొడుకు ఆపరేషన్ మంచిగా జరిగిందని చెప్పింది. ఒకాయన మోటరు కాలిపోయినా పంట దక్కిందన్నాడు. ఆ తర్వాత అమ్మ లేచింది. నేను ఆమె చీర కుచ్చిళ్ళు పట్టుకుని ఉన్నానని నాకే తెలియదు.

"నేను సువార్త. కనకయ్య బిడ్డను" అంది అమ్మ. "పదహారేండ్లప్పుడు ఈ గుడి ఎనక బాయిల బాప్తిస్మం తీసుకున్న. నా పెండ్లయినంక నాకు బల్ల లేదన్నరు. తప్పు చేసిన అని చెప్తె కలుపుకుంటమన్నరు. మా ఆయన మంచోడు. నా బిడ్డ ఇగో, ఈడ కూసున్నది. వాళ్ళను పెట్టుకొని నేను తప్పు చేసిన అని చెప్పలేను. దేవుని ఇంట్ల అబద్ధం చెప్పొద్దని మా బాపే నేర్పిండు. పెడితె తింట. పెట్టకపోతె కూసుంట."

కూర్చుంది. పాస్టర్ గారు తాత వైపు చూశారు. తాత నేల వైపు చూస్తున్నాడు. కాసేపటికి పాస్టర్ గారే ఒక పాట ఎత్తుకున్నారు, అందరూ అందుకున్నారు, తెల్ల గుడ్డ తీశారు.

తాత రొట్టె పళ్ళెం పట్టుకుని ఆడవాళ్ళ వరుసల్లోకి వచ్చాడు. మిల్క్ బ్రెడ్ అంచులు తీసేసి చిన్న చిన్న ముక్కలుగా కోశారు. మా వరుసలో మొదటి ఇద్దరికీ అందించాడు. నన్ను దాటి, అమ్మ ముందుకొచ్చి ఆగాడు. పళ్ళెం కొంచెం కిందికి వంగినట్టే వంగి, మళ్ళీ పైకి లేచింది. అమ్మని దాటి దీనమ్మకి అందించాడు. అమ్మ చేతులు ఒళ్ళోనే ఉన్నాయి. నాకు లేచి బయటికి వెళ్ళిపోవాలనిపించింది, అమ్మని లాక్కుని.

దీనమ్మ తన ముక్కని రెండుగా తుంచింది. ఒక సగం అమ్మ అరచేతిలో పెట్టి, వేళ్ళు మూసింది. దాచిపెట్టి చేయలేదు. వెనక వరుస వాళ్ళు చూశారు, మగవాళ్ళ వైపునుంచి చూశారు, తాత చూశాడు. ఎవరూ నోరు మెదపలేదు. పాస్టర్ గారు ప్రార్థన చేసి తినమన్నప్పుడు అందరితో పాటు అమ్మ కూడా తింది.

ఆ తర్వాత ద్రాక్షరసం. చెక్క పలకలో చిన్న చిన్న గాజు గ్లాసులు, మిషన్ వాళ్ళ కాలం నాటివట. తాత మళ్ళీ మా వరుసకి వచ్చాడు. ఈసారి మొదటి ఇద్దరినీ దాటి నేరుగా అమ్మ ముందు నిలబడ్డాడు. "తీసుకో" అన్నాడు, పెదవుల్లోనే. అమ్మ తీసుకుంది. ఆ తర్వాత వెనక్కి వెళ్ళి మొదటి ఇద్దరికీ ఇచ్చాడు. నా ముందుకీ వచ్చింది పలక. నేను చేతులు జోడించాను. తల ఊపి ముందుకి వెళ్ళిపోయాడు. తీసుకోవాల్సిందా, కాదా అన్నది నాకు ఇప్పటికీ తెలియదు.

ఆరాధన అయ్యేసరికి ఒంటిగంట దాటింది. దీనమ్మ మమ్మల్ని, సమ్మయ్యని కూడా తన ఇంటికి భోజనానికి తీసుకెళ్ళింది. బగారా అన్నం, కోడి కూర, పచ్చి పులుసు. రసం కోసం నల్ల ద్రాక్ష హనుమకొండ నుంచి తెప్పించి ఉడికించేది కూడా ఆమేనట. అమ్మకి ఫోన్ చేసింది తనే అని అప్పుడు చెప్పింది. ఈ నెలాఖరుకి పాత గుడి పడగొట్టి స్లాబు వేస్తారు, మీ బాపు కూర్చున్న గోడ కింద ఒకసారి బల్ల తినిపో అని పిలిచిందట. చర్చి ఎలా మొదలైందో పాస్టర్ గారు చెప్పిన కాలు పుండు కథ ఆమెతో అన్నాను. దీనమ్మ కూర వడ్డిస్తూ ఆగింది.

"ఆయన గాదు బిడ్డా, ఆయన భార్య. కాన్పు కష్టమైతె దవాఖానకు పట్కపోయిండ్రు. ఆమె విన్నది, ఆమె చెప్పింది. ఆయనకు కాలు పుండు ఎప్పుడున్నది?"

సమ్మయ్య అన్నం కలుపుతూ, ఎట్లైనా గోడలు మాత్రం మా తాతవే అన్నాడు. నువ్వు రొట్టె విరిచి ఇవ్వడం మీ నియమం ప్రకారం సరైనదేనా అని దీనమ్మని అడిగాను. "నియమం నాకేం ఎర్క. పక్కన మనిషి కూసుంటె నేనొక్కదాన్నే ఎట్ల తింట?" అంది.

తిన్నాక అమ్మ నన్ను బావి దగ్గరికి తీసుకెళ్ళింది. చర్చి వెనక పత్తి చేను గట్టున మెట్ల బావి. ఇప్పుడు పైన ఇనుప జాలీ వేశారు. బాప్తిస్మాలకి చర్చి వెనకే సిమెంటు తొట్టి కట్టుకున్నారు. ఈ సంఘంలో పసిపిల్లలకి నీళ్ళు చల్లడం లేదు. పిల్లలు పెద్దయి, తమకి తాము అడిగితేనే మొత్తం నీళ్ళలో ముంచి లేపుతారు. నీళ్ళు చల్లగా ఉండె, దీన ఏడ్చింది, నేను ఏడ్వలే అంది అమ్మ. బావి గట్టు మీద తాత కూర్చుని ఉన్నాడు. భోజనానికి పిలిస్తే రాలేదు, ఇక్కడ ఉన్నాడు.

నేను ఆగలేకపోయాను. "తాతా, రొట్టె పెట్టలేదు, రసం పోసినవు. ఎందుకు?"

ఆయన జాలీలోంచి కిందికి చూశాడు. "రొట్టె అప్పుడు సంఘం మాట పట్టుకున్న. దీన ఇరిచి ఇచ్చింది గదా. అందరు జూసిండ్రు. ఒక్కరన్న వద్దంటరేమోనని చూసిన. ఎవ్వలనలె. సంఘం అంటె వాళ్ళే గదా మరి. ఇగ నేను ఎవల మాట పట్టుకోవాలె?"

"అయితే ఇప్పుడు అమ్మ సంఘంలో ఉన్నట్టా, లేనట్టా?"

"అది నాకు గూడ సమజ్ గాలె బిడ్డా" అన్నాడు. అబద్ధం చెప్పడం లేదని మొహం చూస్తే తెలుస్తోంది. చర్చి మొదలైంది దవాఖాన వల్లేనా అని కూడా అడిగాను. బావి వైపు చెయ్యి చూపించాడు. "దీని వల్ల. ఊరి బాయిల మనోళ్ళను నీళ్ళు తోడనియ్యకపోతె మిషనోళ్ళు ఇది తవ్విపిచ్చిండ్రు. నీళ్ళకచ్చినోళ్ళు వాక్యం విన్నరు. కాలు పుండు గీలు పుండు తర్వాత చెప్పుకున్నయి." అప్పటికి నేను రాసుకోవడం మానేశాను.

మేము లేవబోతుంటే ఆయన అమ్మని ఒక ప్రశ్న అడిగాడు. "నీ పెనిమిటి పేరేంది?"

"వెంకటేశం" అంది అమ్మ.

"గట్లనా" అన్నాడు. ఇన్నేళ్ళలో ఆ పేరు ఆయన అడగడం ఇదే మొదలని అమ్మ ఆటోలో చెప్పింది. తెలిసి కూడా ఆ పేరు ఎత్తడం లేదేమో అనుకునేదట, ఆయనకి నిజంగానే తెలియదట.

నాలుగు దాటాక కాజీపేటలో రైలు ఎక్కాం. అన్‌రిజర్వుడ్‌లో సీటు దొరికింది, ఆదివారం సాయంత్రం అది అదృష్టమే. దారంతా అమ్మ నిద్రపోయింది. సంతోషంగా ఉన్నావా అని అడుగుదామని రెండుసార్లు అనుకున్నాను, లేపలేదు. ఇంటికి చేరేసరికి నాన్న తలుపు తీసి పెట్టుకుని హాల్లో కూర్చుని ఉన్నాడు. ప్రయాణం ఎలా జరిగిందని అడగలేదు.

"పెట్టిండ్రా?" అన్నాడు.

"సగం దీన పెట్టింది. రసం కాక పోసిండు" అంది అమ్మ.

"ఆ మాట అన్నవా?"

"అనలే."

నాన్న నా వైపు తిరిగాడు. "పెండ్లయిన ఏడే మీ అమ్మకు చెప్పిన, నీకు తెల్సా? ఆ ఒక్క మాట అనేసి రా, నేనేం అనుకోను అని. పది సార్లు చెప్పుంట. వినలే."

"నువ్వు అనుకోవు" అంది అమ్మ, సోఫాలో కూలబడి పాదాలు నొక్కుకుంటూ. "నేను అనుకుంట గదా." నాన్న లేచాడు. వెళ్ళి ఆమెకి నీళ్ళు వేడి పెట్టాడు.

ఈ వ్యాసం రాయడానికి కూర్చుని వారం అయింది. ఒక చిన్న పల్లెటూరి చర్చి చరిత్ర, నమ్మకాలు అని శీర్షిక పెట్టుకుని మొదలుపెట్టాను, తర్వాత కొట్టేశాను. అది ఎలా మొదలైందో నాకు ముగ్గురు మూడు రకాలుగా చెప్పారు, అందరూ నిజమే చెప్తున్నట్టున్నారు. వాళ్ళు ఏం నమ్ముతారో పాస్టర్ గారు స్పష్టంగా చెప్పారు, ఆ చెప్పినదానికి, నా కళ్ళ ముందు జరిగినదానికి మధ్య పొంతన ఎంతో నేను తేల్చుకోలేకపోయాను. అమ్మ వచ్చే నెల మళ్ళీ వెళ్తుందో లేదో తెలియదు. అడిగితే "చూద్దాం" అంటుంది. పాడిన పాటల గురించి మాత్రం ఒకటి రెండుసార్లు తనంతట తానే చెప్పింది, ఏది వాళ్ళ బాపుకి ఇష్టమో, ఏది ఎవరి పెళ్ళిలో పాడారో. ఆవిడని సుజాత అనుకోవాలా, సువార్త అనుకోవాలా అని నేను ఇంకా తడబడుతున్నాను. ఆవిడ తడబడటం లేదు. ఎలా పిలిచినా పలుకుతుంది.

మీరెవరైనా ఇలాంటి ఊరి చర్చికి మొదటి ఆదివారం వెళ్తే, ఒక్క మాట. కొత్తవాళ్ళని ఎవరూ ఏమీ అనరు, తల మీద కొంగో చున్నీయో ఉంటే చాలు. పళ్ళెం ముందుకొచ్చినప్పుడు తీసుకోకూడదనుకుంటే చేతులు జోడిస్తే సరిపోతుంది, వాళ్ళు మర్యాదగా దాటి వెళ్తారు. అయితే తీసుకుంటారో లేదో లోపలికి అడుగుపెట్టక ముందే అనుకుని వెళ్ళండి. మీ ముందు పళ్ళెం ఆగి ఉన్నప్పుడు ఆలోచించుకోవడానికి సమయం దొరకదు.